నూర్ బాషా తువ్వాలు

1990వ సంవత్సరం ఆగస్టు పదవ తేదీ, శుక్రవారం. ఉదయం ఏడు గంటలకే ఎండ నలభై డిగ్రీలు దాటింది. గాలి ఆకు కదలనంతగా స్తంభించింది. కదలడానికి అక్కడ ఆకులు కూడా లేవనుకోండి. ఆకాశం కడగని గాజుపలకలాగా మసకబారి ఉంది. ఆ ఉదయం కువైట్‌లోని అబూ హలీఫాలో, ఎనిమిది మంది కూర్చోదగిన ఒక జీఎంసీ బండిలో మేము ఏడుగురం కూర్చున్నాం. ఎనిమిదవ సీటులో ఒక ఎర్రగళ్ళ తువ్వాలు కూర్చున్నది. తువ్వాలు కూర్చోవడమేమిటి, ఆ క్రియకు ప్రాణమున్న కర్త ఉండాలి కదా అని నా పూర్వ విద్యార్థులెవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వారు నూర్ బాషాను ఎరుగరు.

నూర్ బాషాది రాయచోటి. కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో డ్రైవరు. మనిషిలో వింత ఒక్కటే: తన బండిలో ఒక సీటును ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాడు. జనం ఎండలో నిలబడి చేతులెత్తి పిలిచినా, బంధువులు బతిమాలినా, ఆ సీటు మాత్రం ఎవరికీ ఇవ్వడు. దాని మీద తువ్వాలు వేసి, నాలుగు మూలలూ సరిచేసి, పసిపిల్లను పడుకోబెట్టినట్లు ఒకసారి నిమిరి, అప్పుడు బండి తీస్తాడు.

తువ్వాలు మహిమ తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆర్టీసీ బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం మన ఆచారం. తువ్వాలు పడిన సీటులో తహసీల్దారు కూడా కూర్చోడు. కూర్చుంటే బస్సంతా ఏకమై లేపుతుంది. రాయచోటి బస్టాండులో నేర్చుకున్న ఈ ధర్మశాస్త్రాన్ని నూర్ బాషా సముద్రం దాటించి తెచ్చాడు. కాకపోతే ఒక తేడా ఉంది. తువ్వాలు వేసినవాడు తరువాత వచ్చి కూర్చోవడం లోకసహజం. నూర్ బాషా తువ్వాలు వేసేవాడే కాని, ఎవరి కోసం వేశాడో ఎవరికీ తెలియదు.

అడిగితే అడిగినవారికల్లా ఒక్కో సమాధానం చెప్పేవాడు. టైల్స్ పని చేసే సుబ్బన్న ఒకనాడు నిలదీశాడు.

"ఎవురిదన్నా ఈ సీటు?"

"మా అత్తది. వస్తాండాది."

నూర్ బాషా పనిచేసే ఇంట్లోనే వంటచేసే జుబేదా బీ వెనక సీటులోంచి అందుకున్నది. ఆమెది కడప, వయసులో మా అందరికంటె పెద్ద, నాలుక ఆమె వంటకత్తి కంటె పదునైనది. "నీ అత్త సచ్చి నాలుగేండ్లాయె గదరా నూరూ!"

"అందుకే ఇంగా రాలేదక్కా."

దారిలో ఆపిన పోలీసుకు ఆ సీటు తన కఫీల్ కొడుకుదని, అంటే యజమాని కొడుకుదని, చెప్పేవాడు. నాకు మాత్రం, "ఒక పెద్దమనిషిది అయ్యోరా," అని గంభీరంగా చెప్పేవాడు. టీ కొట్టుకు వెళితే తనకొకటి, ఆ పెద్దమనిషికొకటి, రెండు టీలు తెప్పించేవాడు. "మరి ఆయన రాలేదే?" అని నేనంటే, "చల్లారినాక నేనే తాగుతా. యాడికి పోతాది?" అనేవాడు. మా గదిలో వీడియో పెట్టుకుని సినిమా చూసేటప్పుడు కూడా, ముందువరసలో, చాప మీద, మడతపెట్టిన తువ్వాలు. ఆ తువ్వాలు నాకంటె ఎక్కువ సినిమాలు చూసింది.

ఇక నా సంగతి. నేను అక్కడి ఒక భారతీయ పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించేవాణ్ణి. సాయంత్రాలు తెలుగు పిల్లలకు తెలుగు నేర్పేవాణ్ణి. పనివారు ఇళ్ళకు రాసుకునే ఉత్తరాలు నాకు చూపిస్తే, ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేవాణ్ణి. ఆ సేవ ఎవరూ కోరలేదన్నది నేను చాలాకాలం తరువాత గ్రహించిన విషయం. నూర్ బాషా తన భార్యకు రాసిన ఒక ఉత్తరంలో ఇరవై మూడు తప్పులు దిద్దాను. తిరిగి శుద్ధప్రతి రాయమన్నాను. అతడు దిద్దిన కాగితాన్నే కవరులో పెట్టి పంపాడు. నెల తరువాత వచ్చి, "మా ఇంటామెకు మీ ఎర్ర రాత శానా నచ్చిందంట అయ్యోరా. నల్ల రాత వదిలేసి ఎర్రదే సదువుకుంటాందంట," అన్నాడు. నాకు కోపం రావాలో, సంతోషం కలగాలో తెలియక, ఆ రోజుకు సంధులు చెప్పడం మానేశాను.

నూర్ బాషా కఫీల్‌కు పశ్చిమాన ఎడారిలో ఒంటెల మంద ఉండేది. ప్రతి శుక్రవారం బండి మీద మేత, నీళ్ళు వేసుకుని అక్కడికి వెళ్ళడం అతని పని. ఖాళీగా పోవడం దేనికని మాలాంటివారిని ఎక్కించుకునేవాడు. ఆ తువ్వాలు సీటు మినహా. నాకు ఇసుక దిబ్బలు చూడాలని పెద్ద కోరిక. పదకొండు సంవత్సరాలు నల్లబల్ల మీద సుద్దముక్కతో ఇసుక దిబ్బలు గీసినవాణ్ణి. ఒక్కదాన్నయినా కళ్ళతో చూడకపోవడం అన్యాయంగా తోచింది. మొదటిసారి యాత్రకు బయలుదేరినప్పుడు గొడుగు, మేజోళ్ళు, నోటుపుస్తకం పట్టుకున్నాను. నన్ను చూసి ఒంటెలు మేత మానేశాయి.

ఇసుక మొదలయ్యే చోట నూర్ బాషా బండి ఆపి, దిగి, నాలుగు చక్రాలలోని గాలినీ కొంత కొంత వదిలాడు. నేను హడలిపోయాను.

"అదేమిటయ్యా, ఎడారి మధ్యలో గాలి తీస్తావు?"

"గాలి నిండుగా ఉండే టైరు ఇసుకలో దిగబడతాది అయ్యోరా. రవ్వంత తీసేస్తే పరుసుకొని పోతాది."

జుబేదా బీ నన్ను నఖశిఖపర్యంతం చూసింది. "మన అయ్యోరిక్కూడా ఒక పూట తీస్తే బాగుంటాది," అన్నది. బండి అంతా నవ్వింది. నేను నోటుపుస్తకంలో 'గాలి తగ్గించుట' అని రాసుకున్నాను. ఆమె చెప్పినది రాసుకోలేదు.

దిబ్బలు మాత్రం అద్భుతంగా ఉన్నాయి. నెలవంకలు బోర్లా పడుకున్నట్లు ఒకదాని వెనక ఒకటి. ఒకవైపు నున్నటి ఏటవాలు, మరొకవైపు నిలువుగా జారే గోడ. నేను గొడుగు కింద నిలబడి వాటి పుట్టుక గురించి అరగంట ఉపన్యసించాను. నూర్ బాషా ఓపికగా విని, తనకు తెలిసినది రెండు ముక్కల్లో చెప్పాడు: "దిబ్బ దొంగ కాదయ్యోరా. నడిచిపోతాది, అంతే. ముందర ఉండేదాన్ని మింగుతాది, ఏండ్లు గడిచినాక ఎనకపక్క దించేసి పోతాది." మరొక నియమం కూడా చెప్పాడు: మెత్తని ఇసుకలో బండి నడుస్తున్నంతసేపూ నడపాలి, ఆపితే దిగబడుతుంది. ఈ రెండు సంగతులూ పాఠకులు గుర్తుంచుకోవాలి. నేను మాత్రం రెండవదాన్నే గుర్తుంచుకున్నాను. అవసరానికి వాడుకున్నాను కూడా.

ఒక శుక్రవారం షర్క్ చేపల మార్కెట్టులో పనిచేసే సుబ్బన్న బావమరిది, చేపల బుట్టతో సహా, ఎక్కుతానని వచ్చాడు. నూర్ బాషా తువ్వాలు చూపించి, సీటు లేదన్నాడు. సుబ్బన్న భార్య గురమ్మ మొగం ముడుచుకున్నది. రెండు మైళ్ళు పోయాక దారిపక్కన ఒంటరిగా నిలబడిన ఒక బంగ్లాదేశీ పాకీపనివాడు కనిపించాడు. నూర్ బాషా బండి ఆపి, తువ్వాలు తీసి, అతణ్ణి కూర్చోబెట్టాడు. గురమ్మ ఊరుకుంటుందా?

"ఏమన్నా ఇది? మా తమ్మునికి లేని సీటు, ఊరూ పేరూ తెలీనోనికి యాడ్నుంచి వచ్చె?"

"మీ తమ్మునికి బస్సు ఉండాది గురమ్మా. ఈ దారిన ఈనికి ఏముండాది?"

నేను దీనిని అవ్యవస్థ అన్నాను. ఒక నియమానికి ఇన్ని అపవాదాలుంటే అది నియమమే కాదన్నాను. నూర్ బాషా, "మీరు సెప్పింది నిజమే అయ్యోరా," అన్నాడు. అతడు నాతో ఎప్పుడూ అలాగే అనేవాడు. అని, తాను చేసేదే చేసేవాడు.

ఆగస్టు రెండవ తేదీ తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం వచ్చింది. ఆ తరువాతి వారమంతా రొట్టె కోసం వరుసలు, మేడల మీద పొగ, రోజుకొక పుకారు. మా పాఠశాలకు వేసవి సెలవులు. నేను ఇంటికి వెళ్ళకుండా కువైట్‌లో ఉండిపోవడానికి కారణం ఒక రేకు పెట్టె. అందులో నేను ఇరవై రెండు సంవత్సరాలుగా రాస్తున్న తెలుగు వ్యాకరణం ఉంది. పద్నాలుగు వందల పుటలు, చేతిరాత, ఒకే ఒక ప్రతి. ఆ సెలవుల్లో పూర్తిచేయాలనుకున్నాను. సైన్యాలకు ఇటువంటివి పట్టవు.

తొమ్మిదవ తేదీ సాయంత్రం నూర్ బాషా వచ్చాడు. అతని కఫీల్ కుటుంబం వేసవికి లండన్‌లో ఉంది. బండి, ఒంటెలు అతని చేతిలో ఉన్నాయి.

"రేపు శుక్రవారం అయ్యోరా. ఒంటెలకు మేత తోలాల గదా. రండి, షికారు పోదాం."

"ఇప్పుడు షికారేమిటయ్యా?"

"ఒంటెల కాడికి పోతే, ఆడ్నుంచి దిబ్బల్లో సౌదీ ఎంత దూరం? సగం పూట. మేత కనపడితే ఎవురూ ఏమనరు. యల్లా, పదండి, బట్టలు సర్దండి."

నేను బట్టలు సర్దలేదు. పెట్టె సర్దాను.

అలా ఆ ఉదయం ఏడుగురం బయలుదేరాం. నూర్ బాషా, జుబేదా బీ, సుబ్బన్న, గురమ్మ, నేను, ఇంకా కాంక్రీటు పని చేసే అన్నదమ్ములిద్దరు. ఈ అన్నదమ్ములు ఎక్కగానే నిద్రపోయి సరిహద్దులో లేచారు. అందుచేత ఈ కథలో వారికి పని లేదు. బండి పైన మేత మోపులు, నీళ్ళ పీపా. కాళ్ళ దగ్గర నీళ్ళ డబ్బాలు. నా పెట్టె పెట్టడానికి ఒక్కటే చోటు మిగిలింది. నేను దానిని తువ్వాలు సీటు మీద పెట్టాను.

నూర్ బాషా ముఖం చిన్నబోయింది. "అది మనిషి సీటు అయ్యోరా."

"మహాగ్రంథం మనిషికి తక్కువేమీ కాదు."

"నీళ్ళు తాగుతాదా?"

"తాగదు."

"అయితే మనిషి కాదు," అని, కాస్త ఆలోచించి, "సరే, ఉండనియ్యండి. కిందుండే తువ్వాలు మాత్రం తియ్యబాకండి," అన్నాడు.

ఊరి బయట సైనికుల చౌకీలో బండి ఆపారు. ఒక కుర్ర సైనికుడు పెట్టె తెరిపించి, కట్టలు పైకి తీసి, నా అక్షరాలను తలకిందులుగా పట్టుకుని అనుమానంగా చూశాడు. రహస్య సంకేతాలనుకున్నాడేమో. నా పైప్రాణాలు పైనే పోయాయి. నూర్ బాషా అరబ్బీలో తొణకకుండా చెప్పాడు: "ఒంటెల మందుల పుస్తకం. ఈయన ఒంటెల డాక్టరు." సైనికుడు నన్నూ, నా కళ్ళద్దాలనూ చూసి, చటుక్కున బూటు విప్పి, పగిలిన మడమ చూపించాడు. నేను దానిని చాలాసేపు పరిశీలించాను. నా ఉపాధ్యాయ జీవితంలో అంత శ్రద్ధగా ఏ జవాబుపత్రాన్నీ చూడలేదు. చివరకు జుబేదా బీ తన కొబ్బరినూనె సీసా ఇచ్చి నన్ను రక్షించింది. "దినానికి రెండు తూర్లు," అన్నాను తెలుగులోనే. అతడు సలాము చేశాడు. వాడికి మహా అయితే పందొమ్మిదేళ్ళుంటాయి.

ఒంటెల మంద దగ్గర సగం మేత దింపి, కాపలావాడికి నీళ్ళు ఇచ్చి, చక్రాలలో గాలి తీసి, దిబ్బలలోకి దిగాం. మిగిలిన సగం మేత పైననే ఉంచాం. ఇంకొక చౌకీ ఎదురైతే అదే మా పాస్‌పోర్టు అన్నాడు నూర్ బాషా. బండి పడవలా లేస్తూ పడుతూ పోతున్నది. పర్యాటకుణ్ణై చూడాలనుకున్న దిబ్బలన్నీ వరుసగా ఎదురువస్తున్నాయి; అవి మునుపటికంటె పెద్దవిగా, ఎవరితోనూ నిమిత్తం లేనట్లుగా ఉన్నాయి. గురమ్మ వాంతి చేసుకున్నది. నేను పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

మిట్టమధ్యాహ్నం అయి ఉంటుంది. ఎడమవైపు ఒక దిబ్బ నడుము మీద నల్లటి చుక్క ఒకటి కనిపించింది. అది కదిలింది. రెండు చేతులు పైకెత్తి ఊపింది. బండిలో దానిని ముందుగా చూసినవాణ్ణి నేను.

ఎండమావి అని నాకు నేను చెప్పుకున్నాను. ఎండమావి చేతులు ఊపదని పదకొండు సంవత్సరాలు సాంఘికశాస్త్రం చెప్పినవాడికి తెలియదా? తెలుసు. మెత్తని ఇసుకలో బండి ఆపితే దిగబడతామని రెండవ కారణం వెతుక్కున్నాను. అసలు కారణం నా అరచేతి కింద వెచ్చగా ఉంది. బండిలో ఉన్నది ఒకే సీటు. అందులో నా పెట్టె ఉంది. నేను నెమ్మదిగా ముఖం కుడివైపుకు తిప్పుకున్నాను. నేను చేసినది అంతే. నోరు తెరవలేదు, అబద్ధమాడలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ముఖం తిప్పుకున్నాను.

తిప్పుకున్న ముఖం నేరుగా బండి అద్దంలోకి వెళ్ళింది. అక్కడ నూర్ బాషా కళ్ళున్నాయి. అవి నన్ను చూశాయి. తరువాత నేను ఎటునుంచి తిప్పుకున్నానో అటు చూశాయి.

అతడు వేగం తగ్గించకుండా బండిని అర్ధచంద్రాకారంలో తిప్పి, తుప్పుపట్టిన పాత నీళ్ళ ట్యాంకు ఒకటి పడి ఉన్న గట్టినేల మీద ఆపి, నీళ్ళ డబ్బా భుజాన వేసుకుని ఆ దిబ్బవైపు పరుగెత్తాడు.

ఆమె పేరు గంగాదేవి. రాజంపేట దగ్గర పల్లె. ఇరవై అయిదేళ్ళుంటాయి. ఒక ఇంట్లో పని చేసేది. పాదాలకు గుడ్డపేలికలు చుట్టుకున్నది. నీళ్ళు తాగి, జరిగినది చెప్పింది. 'మామా' అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు.

"మామా వాళ్ళతో వస్తాంటిమి. బండి ఇసుకలో దిగబడె. బరువు తగ్గాలని నన్నూ, మూటలనూ దించినారు. బండి కదిలింది. ఆపితే మళ్ళా దిగబడతాదని ఆపలేదు. తిరిగొస్తామని సెయ్యి ఊపినారు." పాదాల గుడ్డలు సరిచేసుకుని, "నిన్న," అన్నది.

సుబ్బన్న నా వైపు చూశాడు. "పెట్టె దించితే సరిపాయె గదా అయ్యోరా."

"పైన కట్టవచ్చు కదా?" అన్నాను.

"పైన ఇంగా ఎత్తు పెడితే దిబ్బ మీద బండి పల్టీ కొడతాది," అన్నాడు నూర్ బాషా.

అప్పుడు నేను ఒక వాక్యం పలికాను. "ఆమె కింద, డబ్బాల మధ్య సర్దుకుని కూర్చోవచ్చు కదా?" ఆ వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటి కూడా లేదు. నా జీవితంలో నేను పలికిన వాక్యాలన్నిటిలోకీ నీచమైనది అదే.

"యా అల్లా!" అన్నది జుబేదా బీ. "కాయితాలకు సీటు, ఆడకూతురికి నేలా? సదువుకున్న మనిషివేనా నువ్వు?"

గంగాదేవి మా వాదులాట అర్థంకాక ఒకరి తరువాత ఒకరిని చూస్తున్నది. నూర్ బాషా ఆమె వైపు తిరిగి, బండి అంతా వినేలా చెప్పాడు:

"ఈయన మా అయ్యోరమ్మా. నిన్ను అందరికన్నా ముందు సూసింది ఈయనే. 'ఆపు నూర్ బాషా, మనిషి ఉండాది' అని అరిసినాడు. లేకుంటే నేను సూసుకోకుండా పోతాంటి. ఆ పెట్టె నీకోసరమే దించుతాండాడు. రవ్వంత ఓర్సుకో."

ఆమె నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

స్‌స్‌స్ మని నాలోంచి గాలి కొంత వదిలిన చప్పుడు నాకు వినిపించింది. లేచి, పెట్టె భుజానికెత్తుకుని దిగాను. సుబ్బన్న సాయం వస్తే వద్దన్నాను. ఇసుకలో ఇరవై అడుగులు నడిచి దించబోతే నూర్ బాషా, "ఆడ కాదు అయ్యోరా, ఈడ," అని దిబ్బ జారుడుగోడ ముందర, పాత ట్యాంకుకు సూటిగా ఒక చోటు చూపించాడు. "ఈ దిబ్బ కొన్నాళ్ళకు మింగుతాది. ఎండా తగలదు, వానా తగలదు. మళ్ళా ఎనకపక్క దించుతాది." ఓదార్పుకు చెబుతున్నాడనుకున్నాను.

తిరిగి వచ్చి చూస్తే గంగాదేవి ఇంకా బయటే నిలబడి ఉంది. బండిలో చోటు తయారు. ఆమె ఎక్కడం లేదు.

"ఏమ్మా, ఎక్కలేదే?" అన్నాడు నూర్ బాషా.

ఆమె సీటు వైపు చూపించింది. "ఎవురో తువ్వాలు ఏసినారు గదన్నా. ఆయప్ప వస్తే?"

ఒక పగలూ ఒక రేయీ ఎడారిలో ఒంటరిగా నిలబడిన మనిషి, తువ్వాలు వేసిన సీటులో కూర్చోవడానికి మొహమాటపడింది. మొదట గురమ్మ నవ్వింది. తరువాత సుబ్బన్న. జుబేదా బీ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నది. ఎనిమిది రోజుల తరువాత మేము నవ్వడం అదే మొదలు.

"ఆయప్ప వచ్చినాడులే," అని నూర్ బాషా తువ్వాలు తీసి, దులిపి, ఎండకు తలకు చుట్టుకోమని ఆమెకే ఇచ్చాడు.

పొద్దు వాలకముందే సౌదీ చౌకీ చేరాం. కొన్నాళ్ళకు అందరం తలో విమానంలో స్వదేశానికి చేరాం. సౌదీ నగరం దమ్మామ్‌లో విడిపోయేటప్పుడు నేను నూర్ బాషాను పక్కకు పిలిచాను. "నిజానికి నేను ఆమెను ముందే..." అని మొదలుపెట్టాను. అతడు, "ఖలాస్ అయ్యోరా, అయిపాయె," అని నా మాటను మధ్యలోనే తుంచేశాడు. ఇతరులు వాక్యం మధ్యలో ఆపితే ఒప్పుకునేవాణ్ణి కాను. ఆ రోజు ఒప్పుకున్నాను. విమానం వరుసలో అతని ముందు కొత్త తువ్వాలు ఒకటి నేల మీద పరచి ఉంది. వెనకనున్న మలయాళీలు అరుస్తున్నారు.

నేను మా ఊరు బాపట్ల వచ్చి, స్థానిక ఉన్నత పాఠశాలలో మరికొన్నేళ్ళు పనిచేసి విరమించాను. వ్యాకరణాన్ని తిరిగి రాయలేదు. ఎర్రసిరా కలం కూడా పెద్దగా వాడలేదు. ఎవరి ఉత్తరమైనా దిద్దబోతే అద్దంలో రెండు కళ్ళు కనిపించేవి.

ఎనిమిదేళ్ళ తరువాత నూర్ బాషా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో అతడు కోరిన ఒక కోరికను ఇంతకాలం పాటించాను. ఇప్పుడు నాకు డెబ్బై ఆరేళ్ళు, ఇక పాటించలేను. అందుకే ఈ వ్యాసం రాసి, పోయిన నెల మా ఇంటికి వచ్చిన గంగాదేవికి ముందుగా చదివి వినిపించాను. ఆమె అంతా విని, కాఫీ గ్లాసు కింద పెట్టి, "అయినా దించినారు గదా," అన్నది. ఇక ఉత్తరం. ఇందులో నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

కువైట్, 1998 ఫిబ్రవరి 20

అయ్యోరికి నూర్ బాషా సలాం. నేను బాగుండాను. మీరు బాగుండారని తలుస్తాను.

మీ పెట్టె దొరికింది. నేను తొంబై రెండులో మళ్ళా ఈడికి వస్తిని. బాంబులు ఉండాయని శానాకాలం ఆ పక్క ఎవురినీ పోనియ్యలేదు. పోనిచ్చినప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం ఆ పాత నీళ్ళ ట్యాంకు కాడ నిలబడి సూస్తానే ఉండా. దిబ్బ నడిచి పోయింది. మొన్న ఎనకపక్క పెట్టె మూల ఒకటి బయట పడింది. మూత తుప్పు పట్టింది. కాయితాలకు ఏం కాలేదు. పురుగు కూడా ముట్టలేదు. దాంట్లో మీ రాత మీద మీరే ఎర్రసిరాతో దిద్దుకొని ఉండారు. మీరు మీ తప్పులు కూడా దిద్దుకుంటారని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సీటు ఎవురిదని మీరు శానాసార్లు అడిగినారు. ఇప్పుడు చెప్తాండా. నేను కొత్తగా వచ్చినప్పుడు, డెబ్బై తొమ్మిదిలో, బండి నిండా కఫీల్ సామాన్లు ఏసుకొని ఎడారి దారిన పోతాంటే ఒకాయన సెయ్యి ఎత్తినాడు. సీటు లేదు. నేను ఆపలేదు. మనసు పట్టక గంట సేపటికి ఎనక్కి పోతే మనిషి లేడు. ఎవురో ఎక్కించుకొని ఉంటారని అనుకుంటాను. తెలీదు. గంగాదేవి దొరికిన పొద్దు అద్దంలో మీ మొగం సూస్తే నాకు నా మొగమే కనపడింది. అందుకే ఆయమ్మకు అట్ల చెప్పినా.

గంగాదేవి మళ్ళా ఈడే పనిలో ఉండాది. కొత్తగా వచ్చినోళ్ళందరికీ మీ కథ చెప్తాది. ముందు మీరు అర మైలు నుంచి సూసినారని చెప్తాండె. ఇప్పుడు మూడు మైళ్ళు అయ్యింది. మీ కండ్లు ఏటేటా బాగుపడతాండాయి. నిజం చెప్పి ఆయమ్మ కథ చెడగొట్టొద్దండి.

ఈ ఉత్తరంలో తప్పులు ఉంటాయి. ఎర్రసిరాతో దిద్ది పంపండి. మా ఇంటామె అడుగుతాంది.

గంగాదేవి వచ్చే నెల సెలవు మీద ఊరికి పోతాంది. పెట్టె ఆయమ్మతోనే పంపిస్తాండా. విమానంలో పక్క సీటు ఖాళీగా ఉంటే, కింద తువ్వాలు ఏసి, పెట్టె దాని మీద పెట్టుకోమని చెప్పినా. ఎవురన్నా నిలబడి ఉంటే మాత్రం దించమన్నా.

మీ
నూర్ బాషా